ఏకవచనంలో మనిషి

తొమ్మిదో తరగతిలో ఉండగా మా తెలుగు మాస్టారు నల్లబల్ల మీద రెండు నిలువు గీతలు గీసి మూడు గళ్ళు చేశారు. మొదటి గడిపైన మహద్వాచకాలు అనీ, రెండో దానిపైన మహతీ వాచకాలు అనీ, మూడో దానిపైన అమహద్వాచకాలు అనీ రాశారు. వాటి కింద వరుసగా 'రాముడు వచ్చాడు', 'సీత వచ్చింది', 'ఆవు వచ్చింది' అని రాసి, సుద్దముక్క పొడి దులుపుకుంటూ మా వైపు తిరిగారు. నా పక్కన కూర్చునే అమ్మాయి లేచి, "గళ్ళు మూడున్నాయి కదా మాస్టారూ, సీతకూ ఆవుకూ క్రియ ఒకటే ఎందుకుంది?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. మాస్టారు మాత్రం నవ్వలేదు. కాసేపు బల్ల వంకే చూసి, "ఏకవచనంలో అంతేనమ్మా. బహువచనంలో సరిపోతుంది. సీతా గీతా వచ్చారు అంటాం, ఆవులు వచ్చాయి అంటాం" అన్నారు. ఆయన చెప్పింది వ్యాకరణరీత్యా నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా ఆ 'సరిపోతుంది' అన్న మాట ఇన్నేళ్ళుగా నాకు సరిపడలేదు.

1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి చేసిన విభాగం ప్రకారం స్త్రీలూ, పశుపక్ష్యాదులూ, జడపదార్థాలూ కానివి మహత్తులు. అంటే పురుషులు, దేవుళ్ళు. మిగిలినవన్నీ అమహత్తులు. స్త్రీలను చెప్పే పదాలకు మహతులని వేరే పేరు ఉన్నా, ఏకవచనంలో వాటి నడక అమహత్తుల నడకే, బహువచనంలోకి రాగానే మహత్తుల నడక. ఇది ఆయన కల్పించినది కాదు. జనం నోట ఉన్నదానికి ఆయన సూత్రం రాశాడు, అంతే. ఒక్క ఆడమనిషి నడిచి వస్తే 'వచ్చింది', రాయి దొర్లి వచ్చినా 'వచ్చింది'. ఆమెకు ఇంకో ఆడమనిషి తోడైతే 'ఇద్దరు వచ్చారు'. అప్పుడు 'రెండు వచ్చాయి' అనడం ఎవరికీ తోచదు. మగవాడు ఒక్కడే ఉన్నా మనిషి వరుసలోనే నిలబడతాడు. ఆడమనిషికి ఆ వరుసలో చోటు దొరకాలంటే తోడు కావాలి, లేదా 'గారు' తగిలించదగినంత గౌరవమైనా కావాలి.

అన్ని ద్రావిడ భాషలూ ఇలా లేవు. తమిళంలో 'అవన్ వందాన్', 'అవళ్ వందాళ్', 'అదు వందదు' అని మూడింటికీ మూడు క్రియారూపాలు ఉన్నాయి. కన్నడమూ ఆ దారిదే. మలయాళంలో క్రియ లింగాన్ని పట్టించుకోవడమే మానేసింది. మరోవైపు ఆదిలాబాద్ అడవుల్లో వినబడే గోండి, కొలామి భాషల్లో బహువచనంలో కూడా స్త్రీలు పురుషేతర వర్గంలోనే ఉంటారు. తెలుగు ఈ రెండు తీరాల మధ్య ఆగిన భాష. ఒకరుగా ఉన్న స్త్రీని ఒక ఒడ్డున, నలుగురిలో ఉన్న స్త్రీని మరో ఒడ్డున నిలబెట్టింది.

"ఇది వట్టి వ్యాకరణం, దీనికీ ఆడవాళ్ళ బతుకులకూ సంబంధం ఏమిటి?" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. అది తేలికగా తోసెయ్యదగ్గ మాట కాదు. సంస్కృతంలో భార్య అనే అర్థానికి 'భార్యా' స్త్రీలింగం, 'దారాః' పుంలింగం, అదీ ఎప్పుడూ బహువచనమే, 'కళత్రమ్' నపుంసకలింగం. ఒకే మనిషికి మూడు లింగాలు. స్తనాలూ కేశాలూ ఉంటే స్త్రీ, ఒంటి మీద రోమాలుంటే పురుషుడు అనే పాత శ్లోకాన్ని పతంజలి మహాభాష్యంలో చర్చకు పెట్టి, మరి మంచానికి స్త్రీలింగం, చెట్టుకు పుంలింగం ఎలా వచ్చాయన్న చిక్కుతో ఆ లౌకిక నిర్వచనం వ్యాకరణానికి చాలదని తేల్చాడు. శబ్దానికి ఉన్న లింగమూ శరీరానికి ఉన్న లింగమూ వేరువేరని రెండువేల ఏళ్ళ కిందటే తేలిన విషయం. సంస్కృతం మాట్లాడేవాడు భార్యను నపుంసకలింగంలో పిలిచాడంటే అది ఆమె మీద తీర్పు కాదు.

అయితే తెలుగుకు ఈ సమాధానం వర్తించదు. తెలుగులో లింగం శబ్దాన్ని బట్టి రాదు, అర్థాన్ని బట్టే వస్తుంది. మంచం ఆడదీ కాదు, చెట్టు మగదీ కాదు. ఎదురుగా ఉన్నది మగమనిషా, కాదా అన్న ఒక్క ప్రశ్న అడిగి మన క్రియ తన చివరి అక్షరాన్ని తేల్చుకుంటుంది. 'మగ', 'మగ కానిది' అని లోకాన్ని రెండుగా కోసి చూపించే భాషను పట్టుకుని, ఇందులో అర్థమేమీ లేదు, అంతా శబ్దమే అనడం కుదరదు. 1949లో తత్వవేత్త సిమోన్ ద బోవా ఫ్రెంచిలో వందల పేజీలు రాసి నిరూపించబోయిన విషయం ఇదే. పురుషుడు తానే మనిషికి కొలబద్ద అయి కూర్చుని, స్త్రీని తనను బట్టి, తాను కానిదిగా నిర్వచించాడని ఆమె వాదన. 'మహత్తు కానిది' అన్న పేరులో మన వ్యాకరణం ఆ వాదనను ముందే ఒప్పుకుని కూర్చుంది.

మన పండితులను ఎవరైనా అడగాలని నాకు ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న ఒకటుంది. పాత తెలుగులో 'రాముడు వచ్చెను', 'సీత వచ్చెను', 'రథము వచ్చెను' అని ముగ్గురికీ ఒకటే రూపం ఉండేది కదా. 'వచ్చినవాడు' అరిగి 'వచ్చాడు' అయి, 'వచ్చినది' అరిగి 'వచ్చింది' అయి, గ్రాంథికంలో కలిసి నడిచిన ఇద్దరూ వ్యవహారంలో విడిపోయారు. మనం ప్రజల భాష అని గర్వంగా చెప్పుకునే వాడుకభాషే క్రియను ఈ విషయంలో ఎక్కువ పట్టుదలగా విడదీసింది. గ్రాంథికం మళ్ళీ రావాలని నేను అనడం లేదు. భాషలో ఉన్నదంతా అనాదిగా ఇలాగే ఉందని, కనుక ఇలాగే ఉండాలని చెప్పేవాళ్ళకు ఈ సంగతి గుర్తుచేయాలి. ఇప్పటికీ భూతకాల వ్యతిరేకంలో తేడా లేదు. 'అతను రాలేదు, ఆమె రాలేదు, బండి రాలేదు, వాళ్ళు రాలేదు.' రానప్పుడు అందరమూ సమానమే, తేడా అంతా వచ్చినప్పుడే.

'జెండర్' అన్న మాట కూడా ఈ గడపలోంచే బయటికి వెళ్ళింది. ఇంగ్లీషులో మొదట అది ప్రధానంగా వ్యాకరణ పరిభాషగా ఉండేది. 1955లో జాన్ మనీ, 1968లో రాబర్ట్ స్టోలర్ వంటి వైద్య పరిశోధకులు శరీరానికీ, ఆ శరీరంతో మనిషి సమాజంలో మోసే పాత్రకూ తేడా చెప్పడానికి ఆ మాటను అరువు తెచ్చుకున్నారు. 1972లో ఆన్ ఓక్లీ దానిని స్త్రీవాద సామాజికశాస్త్రంలో నిలబెట్టింది. మనం మాత్రం దానిని తర్జుమా చేయలేక జెండర్ అనే రాసుకుంటున్నాం, ఎందుకంటే 'లింగం' అన్న మాట మనకు శరీరానికీ, వ్యాకరణానికీ, గుడిలో దేవుడికీ కూడా చెల్లుతుంది. అమెరికా నుంచి వచ్చిన మాటగా దీనిని అనుమానంగా చూసేవాళ్ళు తమ ఇంట్లో అమ్మను 'నువ్వు' అనీ, నాన్నను 'మీరు' అనీ ఎందుకు పిలుస్తారో ఒక్కసారి ఆలోచించుకోవాలి. 'అమ్మ వచ్చింది', 'నాన్నగారు వచ్చారు' అని పక్కపక్క వాక్యాల్లో పలికే పిల్లకు జెండర్ అంటే ఏమిటో ఏ పుస్తకమూ కొత్తగా నేర్పనక్కరలేదు.

నేను కొన్నేళ్ళు ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. మా దగ్గర ఎక్కడా రాసిపెట్టని, అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుండేది. పదవిలో ఉన్నవాళ్ళు ఆడైనా మగైనా 'అన్నారు'. కేసులో ఇరుక్కున్నవాళ్ళు 'అన్నాడు', 'అన్నది'. ఈ రెండింటికీ మధ్య ఉన్న కోటానుకోట్ల మామూలు మనుషుల దగ్గరే తేడా బయటపడేది. ఒకసారి పత్తి పంట నష్టం మీద ఒక పేజీ వార్త నా చేతికి వచ్చింది. అందులో పొలం ఆసామి 'వాపోయారు', కౌలుకు తీసుకున్న రైతు 'చెప్పాడు', అతనితోపాటే ఆ చేలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసే అతని భార్య 'చెప్పింది'. ముగ్గురూ చెప్పింది ఒకటే, కాయ పుచ్చిపోయిందని. నేను ఆ ముగ్గురికీ 'చెప్పారు' అని దిద్ది పంపాను. మర్నాడు పేపరులో ఆసామి మాట అలాగే ఉంది, రైతు 'చెప్పారు' అయ్యాడు, ఆమె మాత్రం తిరిగి 'చెప్పింది' అయింది. ఎవరు మార్చారని అడిగితే, "అలా రాస్తే కృత్రిమంగా ఉంది, కూలికి వెళ్ళే ఆమెను ఎవరైనా 'చెప్పారు' అంటారా?" అని జవాబు వచ్చింది. అనరు. నిజమే. నా అభ్యంతరమల్లా ఆ అనకపోవడం మీదే.

అయితే ఆ మాటలో 'కూలికి వెళ్ళే' అన్న ముక్కను వదిలేసి 'ఆమె' అన్న ముక్కను మాత్రమే పట్టుకుంటే నేను అబద్ధం ఆడినట్టవుతుంది. మా ఊళ్ళో డెబ్భై ఏళ్ళు దాటిన దళిత మేస్త్రీని ఆసామి కొడుకు, పదేళ్ళవాడు, 'వాడు ఇంకా రాలేదా' అని అడగడం నేను చెవులారా విన్నాను. ఆ మేస్త్రీ భార్యను 'అది' అనేవాడు. '-రు' అనేది కులం చేతిలో పెట్టుకుని పంచే ప్రసాదం. అందరు మగవాళ్ళకూ అది అందలేదు. కానీ అందనప్పుడు కూడా మగవాడికి 'వాడు' మిగులుతుంది. అది ఎంత తక్కువ చేసిన మాటైనా మనుషులకు వాడే మాట. ఆమెకు మిగిలేది 'అది', 'దాన్ని', 'దానికి'. అవి గొడ్డుకూ గోడకూ కూడా వాడే మాటలు. కులం ఇద్దరినీ ఒకే మెట్టు దించినా, ఆమె కాలు మోపే మెట్టు ఇంకా కింద ఉంటుంది.

మోనిక్ విటిగ్ అనే ఫ్రెంచి రచయిత్రి 1985లో రాసిన ఒక వ్యాసంలో, భాషలో లింగసూచన స్త్రీలకు మాత్రమే పడే గుర్తు అనీ, పురుషుడు ఏ గుర్తూ లేకుండా సర్వజనుల పేరు మీద మాట్లాడగలడనీ వాదించింది. అంతకుముందు 1969 నాటి తన నవలలో ఆమె స్త్రీబహువచన సర్వనామాన్నే కథానాయకత్వంలో నిలిపింది. ఫ్రెంచిలో వందమంది స్త్రీల మధ్య ఒక్క మగవాడు చేరినా గుంపంతా పుంలింగమైపోతుంది గనక ఆమెకు ఆ పని అవసరమైంది. ఆ సంగతి మొదట చదివినప్పుడు మన 'వాళ్ళు' మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది. మన బహువచనం ఆడా మగా అని అడగదు, మనుషులేనా అని మాత్రమే అడుగుతుంది. ఆ ఉత్సాహంలో కొన్నాళ్ళు నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను, ఇకపై ఎవరినీ '-ఇంది' అనకూడదని. మా అమ్మను కూడా 'అమ్మ వచ్చారు' అన్నాను. అమ్మ రెండు రోజులు ఓర్చుకుని, "నేనేం తప్పు చేశానే, నన్ను పరాయిదాన్ని చేశావు?" అంది.

అమ్మ వాడిన ఆ 'పరాయిదాన్ని' దగ్గర నా ఆలోచన కొత్త దారి పట్టింది. తెలుగులో 'నేను' అన్నప్పుడు క్రియకు లింగం లేదు. 'నేను వచ్చాను' అన్నది ఎవరో గొంతు వినకుండా చెప్పలేం. కానీ తన గురించి తాను ఒక్క గుణం చెప్పుకోబోతే చాలు, 'చిన్నవాణ్ణి', 'చిన్నదాన్ని' అని దారి చీలుతుంది. చదువుకున్నదాన్ని, పేదదాన్ని, ఈ ఊరిదాన్ని. తెలుగు ఆడవాళ్ళు తమను తాము 'అది'తో కలుపుకుంటూనే తమ బతుకు గురించిన ప్రతి నిజాన్నీ చెప్పుకున్నారు. ఆ 'దాన్ని' వాళ్ళ నోట వస్తువు పేరుగా వినిపించదు. నేను నియమం పెట్టుకుని తీసెయ్యబోయింది వాళ్ళ గొంతునే.

నాకు ఒక స్నేహితురాలు ఉంది. వరంగల్ వైపు పల్లెలో అబ్బాయిగా పుట్టింది, అమ్మాయినని పదిహేనేళ్ళకే తెలుసుకుంది, ఇరవై రెండేళ్ళకు ఇల్లు విడిచింది. ఆమె అడిగింది గనకనే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. ఇంట్లో ఎవరూ ఆమెను వెలి వేయలేదు, ఫోన్లు చేసేవాళ్ళు, డబ్బు పంపితే తీసుకునేవాళ్ళు, కాని అందరూ 'వాడు' అనేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట ఆమె మా ఇంట్లో భోజనం చేస్తుండగా వాళ్ళ నానమ్మ ఫోన్ చేసింది. చేయి ఎంగిలి గనక ఫోను నేను తీసి స్పీకరులో పెట్టాను. ముసలామె నన్ను అడిగింది, "అది తిన్నదా బిడ్డా? కారం ఎక్కువెయ్యకు, దానికి పడదు." నా స్నేహితురాలు కంచంలోంచి చేయి తీసి, కడుక్కోకుండానే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. నేను ఏదో తప్పు జరిగిందనుకున్నాను. లోపలికి వచ్చి, "విన్నవా? తిన్నదా అన్నది. అది అన్నది నన్ను" అంది. తన ముప్ఫై ఏళ్ళ జీవితంలో అంత గౌరవం ఎవరూ చేయలేదన్నంత వెలుగు ఆ ముఖంలో ఉంది.

నేను జీవితమంతా ఏ మాట మీద కోపంగా ఉన్నానో ఆ మాట ఇంకొకరికి వరంగా అందింది. దీనిని నేను ఇంతకాలం అనుకున్నదానితో ఎలా కలుపుకోవాలో తెలియక చాలాకాలం ఈ విషయం మీద ఏమీ రాయలేదు. జెండర్ అనేది మనలోపల ఉన్న వస్తువు కాదనీ, రోజూ పదేపదే చేసే చేతల వల్ల నిలబడి ఉంటుందనీ అమెరికన్ తత్వవేత్త జుడిత్ బట్లర్ 1990లో చెప్పిన మాట నాకు అప్పటికి పుస్తకంలోని వాక్యంగానే తెలుసు. నానమ్మ నోట ఆ '-ది' వచ్చిన క్షణంలో అది పనిచేయడం చూశాను. ఆ ముసలామె వ్యాకరణం మార్చలేదు, మనవరాలిని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి చేయి పట్టి నడిపించింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో మనిషి జెండర్‌ను ఆ మనిషే చెప్పుకోవాలని అన్నది ఇదే. ఇటు హైదరాబాద్ సంస్థానంలో 1919లో చేసిన ఒక చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలనీ, ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చనీ శాసించింది. తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది 2023 జూలైలో. అంటే నా స్నేహితురాలు నానమ్మ చేత 'తిన్నదా' అనిపించుకున్న రోజున కూడా ఆ చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది.

ఆడా మగా రెండూ తమకు సరిపడవనే మనుషులూ ఉన్నారు. వారికి మన ఏకవచనంలో చోటు లేదు. 'తను' అన్న మాట లింగం అడగదు గానీ, క్రియ దగ్గరకు వచ్చేసరికి 'తను వచ్చాడు', 'తను వచ్చింది' అని మళ్ళీ నిలదీస్తుంది. వాళ్ళకు 'వారు వచ్చారు' ఒక్కటే గొడుగు. గౌరవం కోసం కాదు, తమను తాము అబద్ధం చేసుకోకుండా ఒక వాక్యంలో ఉండగలగడం కోసం వాళ్ళు దానిని అడుగుతున్నారు. అడిగితే ఇవ్వడానికి మనకు ఖర్చయ్యేది ఒక్క అక్షరం.

కోరిక దగ్గరకు వస్తే తెలుగు ఆశ్చర్యపరుస్తుంది. తెలియడం, ఆకలి వేయడం, భయం, ఇష్టం, కావాలనిపించడం, ఇవన్నీ మనకు 'కు' విభక్తిలో జరుగుతాయి. 'అతనికి ఇష్టం', 'ఆమెకు ఇష్టం', 'నాకు కావాలి'. అక్కడ క్రియ లింగాన్ని పట్టించుకోదు. ఎవరికి ఎవరు ఇష్టమన్నా వాక్యం ఎక్కడా తడబడదు, 'ఆమెకు ఆమె ఇష్టం' అన్నది 'ఆమెకు అతను ఇష్టం' అన్నంత శుద్ధమైన తెలుగు. తడబడేది వినేవాళ్ళే. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి రాధికా సాంత్వనం అనే కావ్యంలో స్త్రీ కోరికను స్త్రీ గొంతుతో పద్యాల్లో పెట్టింది. ఆ కావ్యాన్ని 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో అచ్చువేయించేటప్పుడు, ఆడదాని నోట రాదగని మాటలని వీరేశలింగం అంతకుముందు చేసిన ఆక్షేపణకు ఎదురుప్రశ్న వేసింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకు ఉండనక్కరలేదా అన్నది ఆ ప్రశ్న సారాంశం. తర్వాత బ్రిటిషు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది, 1947లో గానీ నిషేధం తొలగలేదు. వితంతువులకు పెళ్ళిళ్ళు చేసిన మహానుభావుడికి కూడా ఆడదాని 'కావాలి' అన్న మాట వినడం కష్టమైంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య స్వలింగ సంబంధాన్ని నేరం కాదంది. 2023 అక్టోబర్ 17న వాళ్ళ పెళ్ళిని గుర్తించడం తన పని కాదంది. 'ఆమెకు ఆమె ఇష్టం' అన్న వాక్యం వ్యాకరణంలో ఎప్పుడూ తప్పు కాలేదు, కోర్టులోనూ ఇప్పుడు తప్పు కాదు, పెళ్ళిపత్రికలో మాత్రం ఇంకా అచ్చుకాలేదు.

నేను ఇప్పుడు పాటించే పద్ధతి పెద్ద సిద్ధాంతమేమీ కాదు. పదిమంది చదివే చోట, పదిమంది వినే చోట పక్కపక్కన నిలబడిన ఇద్దరికి రెండు రకాల క్రియలు వాడను. ఆసామికి 'చెప్పారు' అయితే కూలికి వెళ్ళే ఆమెకూ 'చెప్పారు'. ఎవరైనా తమను ఎలా అనాలో చెబితే అలాగే అంటాను, ఎందుకని అడగను. ఇంట్లో అమ్మ మళ్ళీ 'వచ్చింది' అయింది, దానితోపాటు నాన్న కూడా 'వచ్చాడు' అయ్యాడు. మొదటిసారి ఆ మాట వినగానే నాన్న పేపరు మడిచి నా వైపు చూశాడు. అమ్మ వంటింట్లోంచి, "ఏం, నేను నలభై ఏళ్ళుగా వస్తూనే ఉన్నాగా, ఇవాళ మీరు వచ్చారు" అంది, తర్వాత ఒక్క క్షణం ఆగి, 'మీరు' అన్న మాటను దిద్దుకోబోయి ఆగిపోయింది.